ముందున్న ఖాళీ కూడా రాతే

రెండు రోజులు మెయిళ్లు సరిగ్గా పోలేదు. అసలు పోలేదని కాదు. మొదటి ప్రయత్నంలో వెళ్లాల్సినవి వెళ్లాయి. అవతలి సర్వర్ "కాసేపాగి రా" అన్నవి మాత్రం మళ్లీ ప్రయత్నం అనేదే లేకుండా గాలిలో కలిసిపోయాయి. లాగ్‌లో ఒక్క ఎర్ర లైను లేదు. ప్రోగ్రాం లేచింది, సెట్టింగులు చదువుకుంది, హాయిగా నడిచింది. తప్పెక్కడుందో దొరికాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు లైన్ల ముందు ఉండాల్సిన రెండేసి స్పేసులు లేవు, అంతే.

ఆ సెట్టింగులు ఒక డేటాబేస్ టేబుల్లో, టెక్స్ట్ కాలమ్‌లో, యామల్ (లైను ముందున్న ఖాళీని బట్టి ఏది దేని కిందదో తేల్చే రాత పద్ధతి) రూపంలో ఉండేవి. వాటిని చూసుకోవడానికి ఆఫీసు లోపలి వాడకం కోసం ఒక అడ్మిన్ పేజీ ఉండేది. క్వెరీ రిజల్ట్‌ని తెచ్చి టేబుల్‌లా చూపించడం తప్ప దానికి వేరే పనేమీ లేదు. కొత్త సర్వర్ పెడుతున్నప్పుడు ఆ పేజీ తెరిచి, తెర మీదున్నది కాపీ చేసి ఫైల్లో పేస్ట్ చేశాను. డేటాబేస్‌లో నిజంగా ఉన్నది ఇది. పేర్లు అసలైతే ఇంగ్లీషులో ఉండేవి. స్పేసుల చోట చుక్కలు పెడుతున్నాను, ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

మెయిల్:
··గడువు: 30
··మళ్లీ_ప్రయత్నం: 3
రిపోర్ట్:
··గడువు: 600

పేజీలో కనిపించింది, నా ఫైల్లోకి వచ్చింది ఇది:

మెయిల్:
గడువు: 30
మళ్లీ_ప్రయత్నం: 3
రిపోర్ట్:
గడువు: 600

పైథాన్ కోడ్ అయ్యుంటే ఇండెంటేషన్, అంటే లైను ముందు జరుపు, లేదని మొదటి క్షణంలోనే అరిచి ఆగిపోయేది. యామల్ అరవదు. రెండోది కూడా దాని దృష్టిలో శుభ్రమైన ఫైలే. 'మెయిల్' కింద ఏమీ లేదు, 'రిపోర్ట్' కింద ఏమీ లేదు, బయట 'గడువు' అని రెండుసార్లు ఉంది. ఒకే పేరు రెండుసార్లు రాకూడదని యామల్ నియమాల్లో ఉన్నా, మేం వాడిన పైయామల్ లైబ్రరీ పట్టించుకోదు, చివరిది తీసుకుని ఊరుకుంటుంది. 'మెయిల్' ఖాళీగా కనిపించేసరికి మా ప్రోగ్రాం తన సొంత డిఫాల్టులు వేసుకుంది. అందులో మళ్లీ ప్రయత్నాల సంఖ్య సున్నా.

మొదట నా అనుమానం డేటాబేస్ మీదికే పోయింది. పాపం, దానికేం తెలియదు. రెండో లైను మొదటి అక్షరం తీసి, అక్షరం సంఖ్య చెప్పే ఆస్కీ ఫంక్షన్‌కి ఇస్తే 32 వచ్చింది. 32 అంటే స్పేస్. 9 వస్తే ట్యాబ్, 10 వస్తే లైను మార్పు, 13 వస్తే విండోస్ తరహా లైను మార్పులో మొదటి సగం. ఇలాంటి గొడవల్లో నేను కళ్లని నమ్మను, ఈ నాలుగు అంకెల్నే నమ్ముతాను. తర్వాత బ్రౌజర్లో పేజీ సోర్స్ తెరిచి చూశాను. అక్కడా స్పేసులు భద్రంగా ఉన్నాయి. అంటే గుమ్మం దాకా క్షేమంగా వచ్చి, తెర మీదికి ఎక్కేటప్పుడు పోయాయన్నమాట.

బ్రౌజర్‌ని తిట్టడమూ న్యాయం కాదు. హెచ్‌టీఎంఎల్ పద్ధతే అది. స్పేసులు, ట్యాబులు, లైను మార్పులు వరసగా ఎన్ని ఉన్నా కలిపి ఒక్క స్పేసుగా చూపిస్తుంది, లైను మొదట్లో అయితే ఆ ఒక్కటీ ఉంచదు. పేజీ రాసేవాళ్లు ట్యాగుల్ని తమ సౌకర్యం కోసం జరిపి జరిపి రాసుకుంటారు. ఆ జరుపులన్నీ చదివేవాళ్లకి కనిపిస్తే ఏ పేజీనీ చూడలేం. చిక్కల్లా ఏమిటంటే, టెంప్లేట్ (పేజీ అచ్చు) రాసినవాళ్లు వదిలిన ఖాళీకీ డేటాబేస్ నుంచి వచ్చిన ఖాళీకీ తేడా బ్రౌజర్‌కి తెలియదు. ఆ తేడా చెప్పాల్సింది పేజీ కట్టినవాళ్లు. మా పేజీ కట్టినవాళ్లు చెప్పలేదు. (కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఫిర్యాదు టికెట్‌లో రాయలేదు గానీ ఇక్కడ రాయకపోతే బాగుండదు.)

ఒక మనిషి టైపు చేసి దాచుకున్న టెక్స్ట్‌లో లైను ముందున్న ఖాళీ కూడా ఆ టెక్స్టే. 'క' అనే అక్షరానికి ఎంత హక్కుందో దానికీ అంతే. తెర మీద దాన్ని తగ్గించి చూపిస్తే అది అందచందాల విషయం కాదు, డేటాని తప్పుగా చూపించడం. అంకెల కాలమ్‌లో చివరి సున్నా ఒకటి రాలిపోతే ఎంత టెన్షన్ పడతాం! అర్ధరాత్రి ఫోన్లు మోగుతాయి. స్పేసులు రాలిపోతే మాత్రం "లుక్ కాస్త బాగాలేదు, తర్వాత చూద్దాం" అని డిజైన్ పనుల లిస్టులో పడేస్తాం. నా గొడవంతా ఈ తేడా మీదే.

బాగుచేయడానికి దిగినవాళ్లు చేసే పనులు చూస్తే ఇంకా ఆశ్చర్యం. మా పేజీలో అప్పటికే ఒక సగం మరమ్మతు జరిగి ఉంది. లైన్లన్నీ కలిసిపోతున్నాయని ఎవరో పీహెచ్‌పీలో ఎన్ఎల్‌2బీఆర్ ఫంక్షన్ వాడారు. అది ప్రతి లైను మార్పు ముందూ ఒక బీఆర్ ట్యాగు పెడుతుంది, స్పేసుల జోలికి పోదు. లైన్లు విడిగా కనిపించేసరికి అంతా సరిగ్గానే ఉందని అందరం నమ్మేశాం. లైన్లు కూడా కలిసిపోయి ముద్దగా కనిపించి ఉంటే నేను కాపీ చేసేవాణ్నే కాదు. ఆ సగం మరమ్మతే నన్ను ముంచింది.

ఇంకొందరు స్పేసులన్నిటినీ నాన్-బ్రేకింగ్ స్పేసులుగా, అంటే బ్రౌజర్ కలిపేయని వేరే రకం ఖాళీలుగా, మార్చేస్తారు. అది చూపించేటప్పుడు చేస్తే వికారమే గానీ ప్రమాదం తక్కువ. దాచేటప్పుడే మార్చి టేబుల్లో పెట్టేవాళ్లున్నారు, వాళ్లతోనే నాకు పేచీ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. యూనికోడ్‌లో దాని సంఖ్య 160, మామూలు స్పేస్ 32. కంటికి రెండూ ఒకటే, మెషీన్‌కి కావు. రెండు మాటల మధ్య మామూలు స్పేస్ పెట్టి క్వెరీలో లైక్ అనే మాటతో వెతికితే ఆ రో దొరకదు. అందులోంచి కోడ్ కాపీ చేసుకుంటే పైథాన్ ఒప్పుకోదు. కమాండులు తీసుకునే షెల్ అయితే ఇంకా ఘోరం. కమాండునీ దాని తర్వాతి మాటనీ కలిపి ఒకే పేరనుకుని, అలాంటి కమాండే లేదంటుంది. కనిపించేది సరైన కమాండే కాబట్టి మనం దాన్ని పదిసార్లు చదువుతాం, పదిసార్లూ సరిగ్గానే ఉంటుంది.

మరి సరైన మరమ్మతు ఏమిటంటే, చెప్పడానికి సిగ్గేసేంత చిన్నది. డేటాబేస్‌లో ఉన్నదాన్ని ముట్టుకోకుండా తెచ్చి, హెచ్‌టీఎంఎల్ గుర్తుల్ని ఎస్కేప్ చేసి (ట్యాగులుగా కాక మామూలు అక్షరాలుగా కనిపించేలా మార్చి), ఆ గడికి పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో వైట్-స్పేస్ విలువని ప్రీ-ర్యాప్ అని పెట్టడం. స్పేసులు, లైన్లు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, లైను మరీ పొడుగైతే గడి అంచు దగ్గర విరుగుతుంది. ప్రీ అని ఊరికే పెడితే విరగదు, పక్కకి లాక్కుంటూ చదవాలి. ప్రీ-లైన్ అనేది ఇంకొకటుంది, పేరు చూసి మోసపోకండి. అది లైన్లని ఉంచి స్పేసుల్ని తినేస్తుంది, అంటే మా ఎన్ఎల్‌2బీఆర్ చేసిన పనే చేస్తుంది. ప్రీ ట్యాగు వాడినా ఫరవాలేదు గానీ, ఆ ట్యాగులో పెడితే ఎస్కేప్ అక్కర్లేదనే భ్రమ చాలామందికి ఉంది. అక్కరే. టెక్స్ట్‌లో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగు రాసి పెట్టి ఉంటే ప్రీ లోపల కూడా అది నడుస్తుంది.

ప్రీ-ర్యాప్ పెట్టిన రోజు ఒక కొత్త వింత జరిగింది. ప్రతి గడిలోనూ పైన ఒక ఖాళీ లైను, ఆ కింద మొదటి లైను మాత్రం పన్నెండు స్పేసులు కుడికి జరిగి. మిగతా లైన్లన్నీ ఎడమకి బుద్ధిగా ఉన్నాయి. డేటాబేస్‌లో అలాంటిదేమీ లేదు. చూస్తే అది మా టెంప్లేట్ సొంత ఇండెంటేషన్! గడి ట్యాగు ఒక లైనులో, విలువ కింది లైనులో పన్నెండు స్పేసుల తర్వాత రాసి ఉంది. ఇన్నాళ్లూ బ్రౌజర్ మింగేస్తున్న ఖాళీ ఇప్పుడు బయటపడింది. ట్యాగుకీ విలువకీ మధ్య సందు లేకుండా ఒకే లైనులో రాస్తే పోయింది. ఆ తర్వాత వారానికి కోడ్‌ని అందంగా సర్దే టూల్ ఒకటి ఆ లైనుని మళ్లీ మూడుగా విరిచింది. దానికి "ఇక్కడ చెయ్యి పెట్టకు" అని కామెంట్ రాసి పెట్టాల్సి వచ్చింది.

"స్పేసులే కదా, ఇంత రాద్ధాంతం దేనికి" అనేవాళ్లకి నేను చూపించేది యామల్ కాదు, క్వెరీని ఏ మెట్లలో నడుపుతుందో డేటాబేస్ చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్స్‌ప్లెయిన్ ఇచ్చినప్పుడు వచ్చేది కూడా మామూలు క్వెరీ రిజల్టే. ఒకే కాలమ్, లైనుకో రో. ఏ పని ఏ పని కింద జరిగిందో చెప్పేది ఆ లైన్ల ముందున్న స్పేసులు. ఆ ప్లాన్‌ని జరుపు లేకుండా చదవండి చూద్దాం. హ్యాష్ జాయిన్, దాని తర్వాత ఒక సీక్వెన్షియల్ స్కాన్, తర్వాత ఒక హ్యాష్, తర్వాత నెస్టెడ్ లూప్, తర్వాత రెండు స్కాన్లు. జాయిన్ అంటే రెంటిని కలిపే పని, దానికి ఇద్దరే పిల్లలని, అంటే కింద రెండే పనులని తెలుసు కాబట్టి కాగితం మీద చెట్టులా గీసుకుంటూ పోతే ఎలాగో పట్టుకోవచ్చు. మధ్యలో అపెండ్ (ఒకదాని వెనక ఒకటి చేర్చే పని) వచ్చిందా, అయిపోయింది. దానికి ఎంతమందైనా పిల్లలుండొచ్చు, ఎక్కడ ఆగాలో చెప్పేది ఇండెంటేషన్ ఒక్కటే. మెల్లగా నడుస్తున్న క్వెరీ ప్లాన్ పంపమంటే ఎవరో గ్రిడ్‌లోంచి కాపీ చేసి చాట్‌లో పెడతారు. దారిలో స్పేసులు ఎక్కడో రాలిపోతాయి. అరగంట సేపు ఆ స్కాన్ ఏ జాయిన్ కిందదో అని వాదించుకున్న రోజులున్నాయి. ఇప్పుడైతే జేసన్ ఫార్మాట్‌లో పంపమంటాను. జేసన్‌లో పిల్లలు బ్రాకెట్లలో ఉంటారు, స్పేసులు పోయినా చెట్టు చెక్కుచెదరదు.

బ్రౌజర్ లేకపోతే ఈ బాధ ఉండదనుకోకండి. కమాండులు టైపు చేసే నల్లతెర టూల్స్ ఒక్కోదానికి ఒక్కో జబ్బు. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో డీబీఎంఎస్ అవుట్‌పుట్‌తో అచ్చు వేయిస్తే లైను ముందు స్పేసులు మాయమవుతాయి. ఎందుకంటే సర్వర్ అవుట్‌పుట్ సెట్టింగు మామూలుగా వర్డ్-ర్యాప్డ్‌లో ఉంటుంది, అది ముందున్న ఖాళీని తీసేసి లైనుని ఎడమకి నెట్టేస్తుంది. ఫార్మాట్‌ని ర్యాప్డ్ అని మారిస్తే స్పేసులు తిరిగొస్తాయి. ఈ సంగతి తెలియక లైను ముందు చుక్కో గీతో పెట్టి నెట్టుకొచ్చినవాళ్లు బోలెడు మంది. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌ని బ్యాచ్ మోడ్‌లో నడిపితే లైను మార్పుని బ్యాక్‌స్లాష్-ఎన్ అని అక్షరాల్లో రాస్తుంది, రా ఆప్షన్ ఇస్తే మానేస్తుంది. పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్ అయితే గడిలో లైను విరిగిన ప్రతిచోటా కుడివైపు ఒక కూడిక గుర్తు పెడుతుంది. చదవడానికి నాకది ఇష్టమే, లైను ఇంకా అయిపోలేదని చెబుతుంది. కాపీ చేస్తే మాత్రం ఆ గుర్తులూ, వాటి ముందు నింపిన ఖాళీలూ కలిసొస్తాయి. అందుకే కాపీ చేయాల్సినప్పుడు అన్‌అలైన్డ్ (ఖాళీలు నింపొద్దని), టపుల్స్-ఓన్లీ (శీర్షికలు వద్దని) రెండూ పెట్టి తీయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియో గ్రిడ్ గురించి ఒక్క మాట. కాపీ చేసేటప్పుడు లైను మార్పుల్ని ఉంచాలనే ఆప్షన్ అందులో ఉంది, కానీ మనం వెళ్లి టిక్ పెట్టేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది.

ఇదంతా చూపించే వైపు. లోపలికి తీసుకునే వైపు కూడా దొంగలున్నారు, వాళ్లు ఇంకా మర్యాదస్తులు. ఫారంలో టైపు చేసిన విలువకి రెండు చివరలా ఖాళీలు కత్తిరించడం వెబ్‌సైట్లు కట్టడానికి వాడే చాలా ఫ్రేమ్‌వర్కులకి పుట్టుకతో వచ్చిన అలవాటు. జాంగోలో ఫారం క్యారెక్టర్ ఫీల్డు 1.9 నుంచి, లారావెల్ 5.4 నుంచి ఆ పని అడక్కుండానే చేస్తున్నాయి. పేరూ ఈమెయిలూ లాంటి వాటికి అది వరమే. కోడ్ ముక్కో, కవితో పెట్టే పెద్ద పెట్టెకి అదే శాపం. దీని ఆనవాలు పట్టుకోవడం తేలిక. మొత్తం టెక్స్ట్‌లో ఒక్క మొదటి లైను మాత్రమే ఎడమకి అతుక్కుపోయి, మిగతావి సరైన చోట ఉంటే అది ట్రిమ్ (ఆ కత్తిరింపు) చేసిన పనే, సీఎస్ఎస్‌ని అనుమానించి లాభం లేదు. ఇంకో చిన్న దొంగ ఉన్నాడు, వాణ్ని పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. టెక్స్ట్ ఏరియా ట్యాగు తెరిచిన వెంటనే లైను మార్పు ఉంటే హెచ్‌టీఎంఎల్ పార్సర్ దాన్ని వదిలేస్తుంది. ప్రీ ట్యాగుకీ అంతే. కాబట్టి ఖాళీ లైనుతో మొదలయ్యే టెక్స్ట్‌ని ఎడిట్‌కి తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ కొడితే ఒక లైను తగ్గుతుంది. మళ్లీ తెరిచి సేవ్ కొడితే ఇంకోటి. కొన్ని ఫ్రేమ్‌వర్కులు పార్సర్‌కి నైవేద్యంగా ఒక అదనపు లైను మార్పు పెట్టి దీన్ని తప్పిస్తాయి. చేత్తో రాసిన ఫారాల్లో ఆ పని మనమే చేయాలి.

ట్యాబుల సంగతి పెద్దగా ఎత్తను. బ్రౌజర్లో ట్యాబ్ వెడల్పు మామూలుగా ఎనిమిది, రాసినవాళ్ల ఎడిటర్లో నాలుగో రెండో ఉండొచ్చు. ట్యాబ్-సైజ్ అని సీఎస్ఎస్‌లో ఉంది, మార్చుకోండి. దయచేసి డేటాబేస్‌లో ట్యాబుల్ని స్పేసులుగా మార్చకండి.

తెలుగులో రాసేవాళ్లకి ఒక అదనపు చిక్కు. లైను ముందు ఎన్ని స్పేసులున్నాయన్నది భాషతో పని లేనిది, అది తెలుగులోనూ సరిగ్గానే కనిపిస్తుంది. కానీ లైను మధ్యలో స్పేసులు కొట్టి నిలువు వరసలు కలుపుదామంటే కుదరదు. 'క'కీ 'క్ష్మి'కీ వెడల్పు ఒకటి కాదు. టెర్మినల్ ఏమో ఒక్కో గుర్తుకి ఇన్ని గళ్లని లెక్కేస్తుంది, ఫాంట్ ఇంకోలా గీస్తుంది. అలా వరసలు కలిసి కనిపించాలంటే అవి నిజంగా వేరే కాలమ్‌లు అయి ఉండాలి.

ఇక్కడిదాకా చదివి నేను ప్రతి ఖాళీకీ దండం పెడతానని అనుకోవద్దు. మనిషి టైపు చేసిన ఖాళీ వేరు, క్వెరీ తయారు చేసిన ఖాళీ వేరు. ఒరాకిల్‌లో కనెక్ట్ బై (పై-కింది వరసలు తెచ్చే క్వెరీ) రాసేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. ఎల్‌ప్యాడ్‌తో లెవెల్‌కి రెండేసి స్పేసులు పేరు ముందు అతికించి, ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారో మెట్లుమెట్లుగా చూపించడం. తెర మీద చూసుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ రిజల్ట్‌ని సీఎస్‌వీగా (విలువల్ని కామాలతో విడదీసిన ఫైలుగా) ఎవరికైనా ఇస్తే మాత్రం గొడవే. 2005లో వచ్చిన, సీఎస్‌వీ రూపాన్ని వివరించే ఆర్ఎఫ్‌సీ 4180 పత్రం ప్రకారం సీఎస్‌వీలో స్పేసులు విలువలో భాగం, వాటిని వదిలేయకూడదు. అవతలివాళ్లు ఆ పేర్లతో జాయిన్ వేస్తే ఒక్కటీ కలవదు. ఎందుకంటే ముందు ఆరు స్పేసులున్న పేరు వేరే పేరు. అలాంటిచోట లోతుని ఒక అంకెల కాలమ్‌గా ఇచ్చి, జరిపే పని తెరకి వదిలేయాలని నా వాదన. సమాచారం ఖాళీల్లో తప్ప ఇంకెక్కడా లేకపోతే ఖాళీలని కాపాడాలి. వేరే చోట ఉంటే అక్కడినుంచే తీసుకోవాలి.

డేటాబేస్ అమాయకురాలని ఇందాక అన్నాను గానీ, అన్ని వేళలా కాదు. పోస్ట్‌గ్రెస్‌లో జేసన్ రకం కాలమ్ మీరిచ్చిన టెక్స్ట్‌ని స్పేసులతో సహా దాస్తుంది, జేసన్‌బీ దాయదు. విడగొట్టి తన పద్ధతిలో పెట్టుకుంటుంది, ఇండెంటేషన్ అక్కడే పోతుంది. కావాలంటే జేసన్‌బీ-ప్రెటీ ఫంక్షన్ కొత్తగా జరిపి ఇస్తుంది, కానీ అది మీ జరుపు కాదు. వ్యూల (పేరు పెట్టి దాచుకున్న క్వెరీల) విషయంలోనూ అంతే. మీరు ఎంత శ్రద్ధగా లైన్లు సర్ది, కామెంట్లు రాసి వ్యూ తయారు చేసినా, తర్వాత దాని నిర్వచనం అడిగితే పోస్ట్‌గ్రెస్ తను అర్థం చేసుకున్నదాన్ని తన శైలిలో తిరిగి రాసి ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ అయితే మీ సర్దుబాటంతా తీసేసి ఒకే పొడుగు లైనుగా ఇస్తుంది. ఇలాంటివి తెర దగ్గర బాగుచేయలేం. అసలు రాతని ఫైల్లో, వర్షన్ కంట్రోల్‌లో ఉంచుకోవడం తప్ప దారి లేదు.

మళ్లీ మా అడ్మిన్ పేజీకొస్తే, ప్రీ-ర్యాప్‌తో పాటు రెండు చిన్న పనులు చేశాను. జాబితాలో ఒక్కో రో తెర నిండా పరుచుకుంటుంటే చూడలేక, అక్కడ మొదటి లైను మాత్రమే చూపించి, ఇంకా ఉందని గుర్తు పెట్టాను. పూర్తి టెక్స్ట్ విడి పేజీలో. ఆ పేజీలో ఒక కాపీ బటన్, అది తెర మీదున్నదాన్ని కాకుండా డేటాబేస్ నుంచి వచ్చిన విలువనే ఇస్తుంది. అప్పటినుంచి తెర మీద మౌస్‌తో గీసి కాపీ చేయడం మానేశాను.

మార్పు లైవ్‌లోకి వెళ్లిన మర్నాడే ఫిర్యాదు వచ్చింది, పేజీ పాడైందని. వెళ్లి చూస్తే ఒక పాత నోట్ చివర నలభైకి పైగా ఖాళీ లైన్లు. ఎవరో ఎప్పుడో ఎంటర్ మీద ఏదో పెట్టి లేచిపోయినట్టున్నారు. ఇన్నేళ్లూ బ్రౌజర్ దాన్ని కప్పి పెట్టింది. ఇంకో నోట్‌లో ప్రతి లైనూ ముందటి దానికంటే నాలుగు స్పేసులు కుడికి జరిగి మెట్లు దిగుతోంది. అప్పటికే ఇండెంటేషన్ ఉన్న టెక్స్ట్‌ని, తనంతట తను జరిపే ఎడిటర్‌లో పేస్ట్ చేసిన గుర్తు అది. "అన్నీ ఒకసారి ట్రిమ్ చేసేద్దామా, ఒక్క అప్‌డేట్ చాలు" అని పక్క సీటు మిత్రుడు అడిగాడు. వద్దన్నాను. ఆ రెండు నోట్స్ రాసినవాళ్లెవరో టేబుల్లోనే ఉంది కాబట్టి, వాళ్లకి లింకు పంపించాను. మెట్ల నోట్ అతను ఆ రోజే సరిచేసుకున్నాడు. నలభై లైన్ల నోట్ ఇంకా అలాగే ఉంది.